కింది వాల్వ్ దగ్గరి కామా

ఆవిరి గది పక్కన తొడుగులు ఆరేసే వరండా,
పగటి షిఫ్ట్ అయ్యాక

చిట్టీకి అన్నయ్య రాసేది.

యంత్రాలు నడిపేవాళ్ల కోసం మీరు రాసే పుస్తకాలను నువ్వెప్పుడైనా నిలబడి చదివావా? కుర్చీలో కూర్చుని కాదు. రబ్బరు బూట్లు వేసుకుని, చేతులకు తొడుగులు తొడుక్కుని, కళ్లద్దాల మీద ఆవిరి పట్టి అక్షరాలు అలుక్కుపోతుంటే, పక్కన పంపు రొద పెడుతుంటే, ఆపరేషన్ థియేటర్ వాళ్లు కిటికీలోంచి "కత్తెర్ల ట్రే ఏదయ్యా" అని కేకలేస్తుంటే చదివావా? చదివి ఉంటే ఈ ఉత్తరం ఇక్కడే చింపెయ్యి. లేకపోతే చివరిదాకా విను.

మా ఆసుపత్రికి కొత్త ఆటోక్లేవ్ వచ్చిందని ఇంతకుముందే రాశాను. ఆపరేషన్ సామానంతా ఆవిరిలో ఉడికించి శుద్ధి చేసే పెద్ద యంత్రం. దాని తలుపు మీద మీ కంపెనీ ముద్ర చూసి గదిలో అందరికీ చెప్పుకున్నాను, దీని పుస్తకం మా చెల్లెలు పనిచేసే చోటే తయారవుతుందని. పుస్తకాన్ని ఒక పాత టవల్లో చుట్టి, నీళ్లు తగలకుండా పై అరలో పెట్టాను. మన ఇంట్లో నాన్న పరిశుద్ధ గ్రంథాన్ని ఎలా చుట్టి పెట్టేవారో అలాగే.

ఆ పుస్తకమే మా పెద్దక్క చెయ్యి కాల్చింది.

పెద్దక్క అంటే నా ఒక్కడికే అక్క కాదు. వయసుతో పని లేకుండా ఈ గదిలో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ఇంగ్లీషు రాదు గానీ మనిషి యంత్రాన్ని పసిపిల్లలా చూసుకుంటుంది. ఆ రోజు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చేసింది. మీ ఇంగ్లీషులో ఆ మాటల వరస ఇది: కింది వాల్వ్ తెరవండి. తరువాత ఒక కామా. ఆ తరువాత, గేజ్ ముల్లు సున్నా మీద నిలిచిందని రూఢి చేసుకున్నాక అని. పెద్దక్క వాల్వ్ తెరిచింది. లోపల ఆవిరి ఒత్తిడి ఇంకా ఉంది, ముల్లు సున్నాకి రాలేదు. తొడుగు అంచులోంచి ఆవిరి దూరి మణికట్టు నుంచి మోచెయ్యి దాకా కాలిపోయింది.

మీ వాళ్లు దేవుడికి భయపడకపోతే పోనీ, కామాకైనా భయపడొద్దా? ప్రాణం మీదికొచ్చే మాటని తోకలో కడతారా?

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో నేను ప్రసంగం మొదలుపెడతానని నువ్వు మొన్న విసుక్కున్నావు. ఉత్తరమైతే నడుమ నువ్వు "సరేలే అన్నయ్యా" అనలేవు కదా.

నీ అన్నయ్య


మాన్యువల్ విభాగం, మూడో అంతస్తు,
కిటికీ పక్క బల్ల

అన్నయ్యా,

ముందు పెద్దక్క చెయ్యి ఎలా ఉందో రాయి. నువ్వు రెండు పేజీల నిండా మమ్మల్ని నరకానికి పంపావు గానీ, ఆవిడ అన్నం తినగలుగుతోందా లేదా అన్న ఒక్క ముక్క రాయలేదు.

ఆ పేజీ తీసి చూశాను. అది మా విభాగం రాసిందే. అందులో తప్పు లేదు. కామా ఉండాల్సిన చోటే ఉంది. హెచ్చరిక ఉంది. మా ఎడిటర్ చూశాడు, యంత్రం గీసిన ఇంజనీర్ చూశాడు, ఇద్దరూ సంతకాలు పెట్టారు. వాక్యం చివరిదాకా చదివినవాళ్లు ఎవరూ ముల్లు చూడకుండా వాల్వ్ ముట్టుకోరు.

నీ కోపం చదువుతుంటే నాకు సైకిల్ కొట్టు మీద మన మేడ గది గుర్తొచ్చింది. కింద టైర్లు కొడుతున్న చప్పుడు, పైన నాన్న గొంతు. గిడ్డంగి కాపలా నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గ్రంథం మీద వంగి కూర్చునేవారు. బడికి పోని మనిషి గోనెసంచుల మీది అచ్చులు చూసి చదువు నేర్చుకున్నారు. అందుకే కాబోలు, ప్రతి అక్షరాన్నీ మోసుకొచ్చి దించినట్టు చదివేవారు. అమ్మ గిన్నెల మీద మూతలు పెట్టి కూర్చునేది. ఆ వాసనకి నా కడుపు కరకరలాడేది. నువ్వు మాత్రం నాన్న పక్కన భుజం ఆనించి కూర్చుని, ఆయన ముక్కకి నీ ముక్క అందించేవాడివి. అప్పుడే అర్థమైంది నాకు, అన్నయ్య ఎప్పటికైనా జనం ముందు నిలబడి గొంతెత్తుతాడని.

ఒకటి అడుగుతాను. పెద్దక్కకి ఇంగ్లీషు రాదన్నావు. మరి ఆ పేజీ ఎవరు చదివారు?

చిట్టి


ఆవిరి గది వరండా

చిట్టీ,

పెద్దక్క చెయ్యి మానుతోంది. ఎడమ చేత్తో తింటోంది. "ఇన్నాళ్లూ కుడిచెయ్యే బలిసింది తమ్ముడూ, ఇక దీన్నీ మేపాలి" అంటుంది. నాకు నవ్వు రాదు.

తప్పు లేదని రాశావే. ఆ పుస్తకంలో ఒకే వాల్వ్‌కి మూడు పేర్లు. ఒక చోట డ్రెయిన్, ఇంకో చోట ఔట్‌లెట్, మరో చోట నాకు నోరు తిరగని పేరు. గ్రంథంలో ఆకాశమంత గోపురం కట్టేవాళ్ల భాషలు దేవుడు కలగాపులగం చేసినప్పుడు ఒకడు ఇటుక అడిగితే ఇంకొకడు బురద అందించాడట. వాళ్లకి అది శిక్ష. మేమేం పాపం చేశామని మాకు అచ్చేసి పంపారు? సరే, బ్రాకెట్లు. బ్రాకెట్లో మళ్లీ బ్రాకెట్. ఇంకొకటుంది, పైన చుక్క, కింద కామా. పెద్దక్క దాన్ని చూసి, "ఇది ఆగమంటోందా పొమ్మంటోందా తమ్ముడూ? మా ఆయన కూడా ఇంతే, వెళ్తానంటూ గుమ్మంలోనే నిలబడతాడు" అంది. గదంతా పగలబడి నవ్వాం. అది వాల్వ్ తెరవక ముందు మాట.

మా పద్ధతి నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా గదిలో సగం మందికి ఇంగ్లీషు రాదు, మిగతా సగానికి వచ్చినంత చాలదు. అందుకని కొత్త పని ఏదైనా మా ప్రార్థన కూడికలో వాక్యం చదివినట్టే చదువుతాం. ఒకరు ఒక ముక్క చదివి మన భాషలో చెప్తారు, ఆగుతారు. యంత్రం దగ్గరున్నవాళ్లు "సరే" అని ఆ ముక్క చేస్తారు. మళ్లీ ఒక ముక్క, మళ్లీ "సరే". ఎవరూ నిద్రపోరు, ఎవరూ తప్పిపోరు. ఈ పద్ధతి పెట్టింది నేనే. గ్రంథంలో మాట తడబడే నాయకుడికి వాళ్లన్న నోరయ్యాడు కదా. ఈ గదికి నోరు నేను.

ఇప్పుడు అసలు సంగతి. ఆసుపత్రి వాళ్లు విచారణ కమిటీ వేశారు. పెద్దక్క పుస్తకం చూడకుండా సొంత తెలివితో వాల్వ్ తిప్పిందని సూపర్‌వైజర్ రాశాడు. చెయ్యి మాని డ్యూటీకి రాగానే పిలుస్తారు. ఉద్యోగం తీసేస్తారని గుసగుస. ఆవిడ ఆ పుస్తకానికి లోబడింది చిట్టీ. లోబడినందుకు శిక్షా?

అన్నయ్య


మాన్యువల్ విభాగం

అన్నయ్యా,

నీకు గుర్తు చేస్తున్నాను: ఆ నోరైన అన్నగారే, తమ్ముడు కొండ మీద ఉండగా జనానికి బంగారు దూడ పోతపోసి ఇచ్చాడు. అది కూడా అదే గ్రంథంలో ఉంది.

నీ ఉత్తరం మడిచి లోపల పెట్టేద్దామనుకున్నాను గానీ ఆ "సరే" నన్ను వదల్లేదు. మర్నాడు ఆ పేజీ తీసుకుని పరీక్షల గదికి వెళ్లాను. అక్కడ మీ యంత్రం లాంటిదే ఒకటి ఉంటుంది, ఆవిరి లేకుండా, చల్లగా. మా ఇంజనీర్‌ని దాని ముందు నిలబెట్టి, "నేను చదువుతాను, మీరు చెయ్యండి. నేను ఆగినప్పుడల్లా సరే అనండి" అన్నాను.

"ఇదేం ఆటమ్మా, నేను గీసిన యంత్రం నాకే నేర్పుతావా?"

"ఆడి చూడండి సార్."

నువ్వు చెప్పినట్టే చదివాను. ముక్క, ఆగడం. ముక్క, ఆగడం. ఆయన ఉత్సాహంగా సరే, సరే అంటూ పోయాడు. కింది వాల్వ్ దగ్గర కామా వచ్చింది. ఆగాను. ఆయన "సరే" అని వాల్వ్ తిప్పేశాడు. తరువాత నేను ముల్లు సంగతి చదివాను. ఆయన తన చేతిని తానే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "మళ్లీ మొదట్నించి చదువు" అన్నాడు. మళ్లీ చదివితే మళ్లీ చెయ్యి వాల్వ్ మీదికి పోయి సగంలో ఆగింది. యంత్రాన్ని గీసిన చెయ్యి అది. ఆగినప్పుడు చెయ్యి కదలడమే నేర్పిన పద్ధతైతే, ఎవరి చెయ్యైనా కదులుతుంది.

ఇక రెండు మాటలు. మొదటిది నాది. ఆ పేజీ మా విభాగం రాసిందని రాశాను. నేనే రాశాను. ఆ వాక్యం నాది. ముందు దాన్ని రెండు ముక్కలుగా రాశాను, ముల్లు ముందు, వాల్వ్ తరువాత. ఎడిటర్ "చిన్నపిల్లల వాచకంలా ఉంది" అన్నాడు. నాకూ అలాగే అనిపించి, కలిపి అందంగా కుట్టాను. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్లు మెచ్చుకోవాలని కుట్టాను. చదివేది వాళ్లు కాదని తెలిసే కుట్టాను.

రెండోది నాన్నది. నువ్వు ఆయన పక్కన కూర్చునేవాడివి, నీకు ఆయన వేలే కనబడేది. కామా రాగానే వేలు పైకి లేచేది, మీరంతా ఆ ముక్క తిరిగి చెప్పేవాళ్లు. నేను ఎదురుగా కూర్చునేదాన్ని. నాకు అన్నం ఎప్పుడా అని చూపు. వాక్యం చివర చుక్క రాగానే నాన్న అరచెయ్యి పుస్తకం మీద బోర్లా పెట్టేవారు. అది పడేదాకా అమ్మ కూడా మూత తీసేది కాదు. "వేలు లేస్తే నోరు, చెయ్యి పడితే కాళ్లు" అనేవారు. మధ్యలో లేచినందుకు నీకు ఒకసారి మొట్టికాయ కూడా పడింది. నువ్వు వేలు పట్టుకెళ్లావు అన్నయ్యా, అరచెయ్యి ఆ మేడ గదిలోనే వదిలేశావు.

పోయిన ఉత్తరంలో అడిగితే నువ్వు గోపురం కథ చెప్పావు. మళ్లీ అడుగుతున్నాను. ఆ రోజు పేజీ చదివింది ఎవరు?

చిట్టి


ఇంట్లోంచి

చిట్టీ,

నేనే.

ముక్క చదివాను. కామా దగ్గర ఆగాను. ఊపిరి తీసుకుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాను. "సరే" అన్న మాట వినబడింది, వెంటనే అరుపు వినబడింది. కళ్లద్దాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

ఎవరికీ చెప్పనివ్వలేదు పెద్దక్క. ఆసుపత్రి మంచం మీద పడుకుని కట్టుతో ఉన్న చెయ్యి ఊపుతూ తిట్టింది. "నోరు మూసుకో తమ్ముడూ. చెయ్యి నాది, వాల్వ్ తిప్పింది నేను. పైకి చదువుకుంటున్నామని తెలిస్తే వీళ్లు ఏం చేస్తారు? చదవడం ఆపిస్తారు. ఇంగ్లీషు రానివాళ్లంతా బయటికి పొమ్మంటారు. నా ఒక్కదాని ఉద్యోగం పోతే పోయింది. నీ ప్రసంగాలు నీ కూడికలో చెప్పుకో, ఇక్కడ వద్దు" అంది.

ఆ మాట వెనక దాక్కున్నాను. దాక్కోవడం ఎంత సుఖంగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది. ఆదివారం కూడికలో లేచి నిలబడితే, నా నోటికి వాక్యం అందలేదు. కళ్ల ముందు నాన్న కనబడ్డారు. వేలు కాదు, నువ్వు చెప్పిన ఆ చెయ్యి. మొట్టికాయ గుర్తుంది. ఎందుకు పడిందో ఇన్నేళ్లూ మరిచిపోయాను.

వచ్చే వారం పెద్దక్క డ్యూటీలో చేరుతుంది. విచారణ అప్పుడే.

అన్నయ్య


మాన్యువల్ విభాగం

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాను. నిన్ను తిట్టాలని ఉంది, పక్కన కూర్చుని నీ భుజానికి భుజం ఆనించాలనీ ఉంది. రెండూ ఉత్తరంలో కుదరవు.

పేజీ మళ్లీ రాశాను. దీనితో పంపుతున్నాను. ఒక వాక్యానికి ఒకే పని. ముందు చూడాల్సింది, తరువాత చెయ్యాల్సింది. గేజ్ చూడండి, చుక్క. ముల్లు సున్నా మీద నిలిచేదాకా ఆగండి, చుక్క. అప్పుడు కింది వాల్వ్ తెరవండి, చుక్క. ఆ వాల్వ్‌కి పుస్తకమంతా ఒకటే పేరు. సెమీకోలన్లు తీసేశాను. బ్రాకెట్లలోది పనికొస్తే బయటికి తెచ్చాను, పనికిరాకపోతే పారేశాను. ఎడిటర్ చూసి, "మరీ బోసిగా ఉంది" అన్నాడు. ఇంజనీర్ పక్కనే ఉండి, "బోసిగానే ఉండనీ. నా చెయ్యి నేను చూశాను" అన్నాడు.

కానీ మా పైఅధికారి ఒప్పుకోలేదు. "వచ్చే ముద్రణలో మారుద్దాం. ఇప్పుడు సవరణ పంపితే పాత పేజీ తప్పని మనమే చెప్పినట్టవుతుంది" అన్నాడు. వచ్చే ముద్రణ అంటే వచ్చే ఏడాది. నేను గట్టిగా అడగలేదు. అడిగితే ఆ వాక్యం ఎవరిదని వస్తుంది. చూశావా, నేనూ నీలాగే దాక్కుంటున్నాను, కాకపోతే నాది ఏసీ గది.

ఈ పేజీ మీ గదిలో చదివి చూడు. చదవడం మానకండి. మీ పద్ధతి మంచిదే, సగమే ఉంది. కామా దగ్గర నోళ్లు కదలనీ, చుక్క దగ్గరే చేతులు కదలాలి. నువ్వు అరచెయ్యి పెట్టేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోకూడదని చెప్పు.

విచారణలో నిజం చెప్పు అన్నయ్యా. పెద్దక్క తిట్టినా సరే. తిట్లు మనకి కొత్తా?

చిట్టి


ఆసుపత్రి మెట్ల కింద, సెక్యూరిటీ బల్ల మీద

చిట్టీ,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో. మీ కంపెనీ సర్వీస్ మనిషి యంత్రం చూడ్డానికి వచ్చాడు. తిరిగి మీ ఆఫీసుకే వెళ్తున్నాడట. వ్యాన్ బయట ఆగి ఉంది. ఇది మధ్యాహ్నానికి నీ బల్ల మీద ఉంటుంది.

పొద్దున విచారణ జరిగింది. పెద్దక్కని అడగకముందే నేను లేచాను. "ఆ పేజీ చదివింది నేను, ఆగింది నేను, నేను ఆగితే ఆవిడ చేసింది" అన్నాను. పెద్దక్క పక్కనుంచి, "ఈయనకి మాట్లాడ్డం రోగం సార్, పట్టించుకోకండి" అంది. కమిటీ పెద్దాయన ఆవిణ్ణి ఆగమని, పైకి చదవమని ఎవరు చెప్పారని నన్ను గద్దించాడు. "నేనే సార్. చదవకపోతే సగం గది గుడ్డిది. ఆపించడానికి ముందు ఒకసారి చూడండి" అన్నాను. నీ కొత్త పేజీ తీశాను. అందర్నీ ఆవిరి గదికి తీసుకొచ్చారు. ఈసారి నిజం ఆవిరి.

యంత్రం ముందు పెద్దక్కే నిలబడింది. ఇంకెవర్నీ నిలబడనివ్వలేదు. నేను చదివాను. గేజ్ చూడండి. పుస్తకం మీద అరచెయ్యి పెట్టాను. ఆవిడ చూసింది. ముల్లు సున్నా మీద నిలిచేదాకా ఆగండి. అరచెయ్యి పెట్టాను. ఆవిడ ఆగింది. థియేటర్ కిటికీలోంచి కేకలు. ఎవరూ కదల్లేదు. ముల్లు దిగుతూ దిగుతూ ఉంటే నాకు మన మేడ గదిలో మూతపెట్టిన గిన్నెల వాసన వచ్చినట్టయింది. ముల్లు నిలిచాక మూడో వాక్యం చదివి చెయ్యి పెట్టాను. వాల్వ్ తిరిగింది. వట్టి నీళ్లు నాలుగు చుక్కలు పడ్డాయి, అంతే.

తరువాత పాత పేజీ అడిగి తీసుకుని పెద్దాయన తనే పైకి చదువుకున్నాడు. కామా దగ్గర ఆగాడు.

నా మీద చర్య ఉంటుందన్నారు. ఉండనీ. గదిలో చదవడం ఆపలేదు. పెద్దక్క సంగతి మాత్రం తేల్చలేదు. "పుస్తకం తప్పుదారి పట్టించిందని పుస్తకం రాసినవాళ్లు ఒప్పుకుంటే ఈమె మీది ఆరోపణ కొట్టేస్తాం. సాయంత్రం కమిటీ మళ్లీ కూర్చుంటుంది. అప్పటికి ఏ మాటా రాకపోతే ఉన్న రిపోర్టే నిలుస్తుంది" అన్నారు. బయటికొచ్చాక పెద్దక్క నాతో ఒక్కటే అంది: "మీ చెల్లెలికి ఇబ్బందైతే వద్దులే తమ్ముడూ."

ఇక నీకు చెప్పేది ప్రసంగం కాదు. సర్వీస్ మనిషిని అడిగాను, ఈ యంత్రాలు ఇంకా ఎక్కడెక్కడ పెట్టారని. చెబుతూ పోయాడు, వేళ్లు చాల్లేదు. వాటన్నిటి పై అరల్లో నీ పాత వాక్యం ఉంది. మన లాంటి భాషల వాళ్లు, అరువు ఇంగ్లీషుతో, ఎవరో ఒకరు చదువుతుంటే ఎవరో ఒకరు చెయ్యి చాపుతూనే ఉంటారు. వాళ్ల పేర్లు మనకి తెలియవు. వాళ్లలో పెద్దక్కలు ఉంటారు. వాళ్లని వచ్చే ముద్రణ దాకా ఆగమని ఎవరు చెబుతారు?

పైఅధికారి గది ఎక్కడుందో నాకు తెలియదు, నీకు తెలుసు. ఈ కాగితం కింద పెట్టు. ఇంజనీర్‌ని వెంటబెట్టుకో. లోపలికి వెళ్లి, ఆ వాక్యం నాదని చెప్పు. మా కమిటీకి ఆ మాట సాయంత్రం లోపల పంపించు. కొత్త పేజీని యంత్రం ఉన్న ప్రతి చోటికీ పంపించు. రేపు కాదు చిట్టీ. భోజనం తరువాత కూడా కాదు. ఇప్పుడే కుర్చీలోంచి లే.